చిన్నయ్యగారు అని పిలిచినంత మాత్రాన పాస్టర్ కావాలా?

ప్రశ్న: అక్కా, వందనాలు. నాకు 27 ఏళ్లు. కాజీపేటలో అసిస్టెంట్ లోకో పైలట్‌ని. మాది నర్సంపేట వైపు ఒక పల్లె. మా బాపు అక్కడ సొంతంగా సంఘం పెట్టి నడుపుతున్నారు, ఏ మిషన్‌కూ చెందింది కాదు. నేను పుట్టినప్పుడు బతకనన్నారట. బతికిస్తే సేవకే ఇస్తానని అమ్మ మొక్కుకుని సమూయేలు అని పేరు పెట్టింది, సర్టిఫికెట్‌లో వేరే పేరుంది. పాస్టర్‌ని అయ్యగారు అంటారు కదా, అలా ఊళ్లో అందరికీ నేను చిన్నప్పటి నుంచి చిన్నయ్యగారినే. పోయిన ఏడాది బాపుకు పక్షవాతం వచ్చింది, మాట తడబడుతోంది. ప్రస్తుతానికి మేస్త్రీ పనికి పోయే ఒక అన్న ఆదివారం ఆరాధన చూసుకుంటున్నాడు. ఉద్యోగం మానేసి వచ్చి సంఘం చేపట్టమని అమ్మ రోజూ ఏడుస్తోంది. పాస్టరమ్మగా ఉండగలిగే అమ్మాయి కోసం సంబంధాలు కూడా చూస్తున్నారు. నేను దేవుణ్ణి వదల్లేదక్కా, కానీ సేవకు పిలుపు ఉన్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. పుల్పిట్ మీద నిలబడితే బాపు మాటలు వల్లె వేస్తున్నట్టే ఉంటుంది. నా పని అంటే నాకు ఇష్టం. కాకపోతే ఆ ఊరివాళ్లు తెచ్చిన పిడికెడు బియ్యం తిని పెరిగినవాణ్ణి, ఇప్పుడు కాదంటే నమ్మకద్రోహం కాదా? యోనాలాగా పారిపోతున్నావని మా మామ అంటున్నాడు. ఇటు రన్నింగ్ రూంలో, అంటే మా రైలు సిబ్బంది విశ్రాంతి గదిలో, నేను క్రైస్తవుణ్ణని ఎవరికీ చెప్పలేదు. మాది బీసీ-సి, ఆ మాట కూడా ఎవరి దగ్గరా ఎత్తను. అసలు నేనెవర్నో నాకే అర్థం కావడం లేదు.

సమాధానం:

తమ్ముడూ, వందనాలు.

మీ మామ అన్న మాటతో మొదలుపెడతాను, నిన్ను ఎక్కువ పొడుస్తున్నది అదేనని నీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. యోనాకు దేవుడు ఊరి పేరుతో సహా చెప్పాడు, నీనెవెకు పో అని. ఆయనకు సంగతి స్పష్టంగా తెలుసు, తెలిసే యొప్పేకు పోయి తర్షీషు ఓడకు డబ్బు కట్టి ఎక్కాడు. నీకు అలాంటి మాటేదీ వినపడలేదు. నీకు వినపడుతున్నవి అమ్మ ఏడుపు, మామ దెప్పిపొడుపు, ఊరివాళ్ల పిలుపు. ఇవన్నీ ప్రేమతోనే వచ్చి ఉండొచ్చు, నేను కాదనను, కానీ వాటిని దేవుని స్వరమని చెప్పి నీ నెత్తిన పెట్టే అధికారం ఎవరికీ లేదు. నిజంగా పిలుపు వచ్చి, జీతం పోతుందనే భయంతో నువ్వు దాక్కుంటూ ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. అందుకే ఒంటరిగా ఉన్నప్పుడు ఒక ప్రశ్న వేసుకో. రేపు ఎవరో వచ్చి, సంఘం చూసుకో, ఇప్పుడొస్తున్న జీతమే ఇస్తాం, ఇల్లూ ఇస్తాం అంటే నీ మనసు అటు లాగుతుందా? లాగితే నిన్ను ఆపుతున్నది డబ్బు భయం, దాని గురించి ప్రార్థన చేసుకుని మళ్లీ రాయి. లాగకపోతే నువ్వు పారిపోవడం లేదు.

లాగదనే నా నమ్మకం. పుల్పిట్ మీద బాపు మాటలు వల్లె వేస్తున్నట్టు ఉంటుందన్నావు చూడు, ఆ ఒక్క వాక్యంలో అంతా ఉంది. కాబట్టి సూటిగా చెప్తున్నా, ఉద్యోగం మానొద్దు, సంఘాన్ని తలకెత్తుకోవద్దు. ఆ మాట ఇంట్లో కూడా ఇంతే సూటిగా చెప్పు. "చూద్దాంలే", "రెండేళ్లు ఆగండి", "రిటైరయ్యాక వస్తా" అని నాన్చకు. నువ్వు అనుకుంటున్నది "కాదు" అయినప్పుడు "ఇప్పుడు కాదు" అని చెప్తే, అమ్మ ఆ మాటనే పట్టుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూస్తుంది.

నీ పేరున్న ఆ కథ ఇంట్లో ఎన్నిసార్లు విని ఉంటావో ఊహించగలను. సమూయేలు తల్లి హన్నా మొక్కుకుంది, కొడుకు పుట్టాడు, పాలు మాన్పించాక షిలోహు మందిరానికి తీసుకుపోయి యాజకుడు ఏలీకి అప్పగించింది. మనవాళ్లు చాలామంది అక్కడే ఆపేస్తారు. నువ్వు మొదటి సమూయేలు 3వ అధ్యాయం తీసి నిదానంగా చదువు. ఆ పిల్లవాడు మందిరంలోనే పడుకుంటున్నాడు, యాజకుడికి సాయంగా పని చేస్తున్నాడు, అమ్మ ఏటేటా చిన్న అంగీ కుట్టి తెచ్చి ఇస్తోంది, అయినా అప్పటికి అతనికి యెహోవా తెలియదని 7వ వచనంలో రాసి ఉంది. అమ్మ మొక్కు అతన్ని మందిరం దాకా తెచ్చింది, అంతే. పిలుపు వేరుగా, రాత్రిపూట, అతని పేరు పెట్టి వచ్చింది. అది ఎవరి గొంతో తెలియక మూడుసార్లు లేచి ఏలీ దగ్గరికి పరిగెత్తాడు కూడా. ఇక తండ్రి స్థానం కొడుకులకు దక్కిన సంగతులు అదే పుస్తకంలో రెండున్నాయి. ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు పుట్టుకతోనే యాజకులు, జనం తెచ్చిన బలి మాంసాన్ని దౌర్జన్యంగా లాక్కునేవాళ్లు. సమూయేలు ముసలివాడయ్యాక తన కొడుకుల్నే న్యాయాధిపతులుగా పెట్టాడు, వాళ్లు బెయేర్షెబాలో కూర్చుని లంచాలు తిన్నారు. అంత ప్రవక్త కడుపున పుట్టినా పిలుపు రక్తంతో దిగలేదు. నువ్వు వాళ్లలాంటివాడివని అనడం లేదు తమ్ముడూ, నీ నిజాయితీ నీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. పిలుపు లేకుండా ఆ కుర్చీలో కూర్చుంటే మంచివాడు కూడా లోపల ఎండిపోతాడు, అదీ నా భయం.

అమ్మ మొక్కును మాత్రం తేలిగ్గా తీసిపారేయకు. బిడ్డ బతకడంటే ఆ తల్లి తన దగ్గర ఉన్న ఒక్కగానొక్క మాటను దేవుని ముందు పెట్టింది. ఇరవై ఏడేళ్లుగా ఆ మాట మోస్తోంది. ఇప్పుడు నువ్వు రానంటే ఆమెకు వినపడేది "నా కొడుక్కి రైలు ఉద్యోగం ఇష్టం" అని కాదు, "నేను దేవునికి మాట తప్పాను" అని. నువ్వు ఎంత వాదించినా ఆమె ఏడుపు ఆగకపోవడానికి కారణం అదే కావచ్చు.

అలాంటి తల్లుల కోసమే అన్నట్టు ధర్మశాస్త్రంలో ఒక అధ్యాయం ఉంది, లేవీయకాండము 27. ప్రసంగాల్లో దాని జోలికి పోయేవాళ్లు తక్కువ. ఒక మనిషిని దేవునికి మొక్కుకుంటే, ఆ మనిషి మందిరంలో పనికి చేరి తీరాలని అక్కడ లేదు. అతనికి వెల కట్టి ఆ వెల చెల్లించాలని ఉంది. 20 ఏళ్ల నుంచి 60 ఏళ్ల లోపు మగవాడికి 50 తులాల వెండి, నెల దాటి ఐదేళ్ల లోపు మగపిల్లవాడికి 5 తులాలు, ఆడపిల్లకు 3. మొక్కుకున్నవాళ్లు అంత ఇచ్చుకోలేని పేదలైతే, వాళ్ల స్తోమతను బట్టి యాజకుడే వెల నిర్ణయించాలని కూడా ఉంది. కష్టంలో ఉన్న తల్లి నోట ఎలాంటి మొక్కులు వస్తాయో దేవునికి తెలుసు, దాన్ని తీర్చుకునే దారి కూడా ఆయనే ముందే పెట్టాడు. ఈసారి ఊరికి పోయినప్పుడు ఆ అధ్యాయం అమ్మకు చదివి వినిపించు. గెలవడానికి చదవకు, ఆమె పక్కన కూర్చుని చదువు. "అమ్మా, నీ మొక్కు ఊరికే పోవద్దు, నేనే తీరుస్తా, ఎలా తీర్చాలో ఇద్దరం కలిసి అనుకుందాం" అని చెప్పు. ఎలా తీర్చొచ్చో నాకు తోచింది కింద రాస్తున్నాను.

దానికంటే ముందు బియ్యం సంగతి, నాకు మనసు కదిలింది అక్కడే. మన పల్లె సంఘాల్లో పెరిగినవాళ్లకు పిడికెడు బియ్యం అంటే చెప్పక్కర్లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తారు, ఆదివారం కొంగున కట్టుకునో సంచిలో పోసుకునో తెచ్చి మందిరంలో కుమ్మరిస్తారు. ఒకరింటివి రేషన్ బియ్యం, ఒకరింటివి దొడ్డు బియ్యం, ఒకరు కౌలు చేసి పండించుకున్న సన్నాలు, అన్నీ ఒక్క కుప్పలో కలిసిపోతాయి. అవి వండితే కొన్ని మెత్తగా అయిపోతాయి, కొన్ని పలుకుగానే ఉంటాయి. నువ్వు ఆ అన్నం తిని పెరిగావు. కూలికి పోయి వచ్చిన తల్లులు తమ పిల్లల కంచాల్లోంచి తీసి ఇచ్చిన అన్నం అది, దాని బరువు నీకు తెలుసు కాబట్టే ఇంత బాధపడుతున్నావు. కానీ ఆ తల్లులు నీకు అప్పు ఇవ్వలేదు తమ్ముడూ. దేవునికి ఇచ్చారు. సువార్త ప్రకటించేవాడు సువార్త వల్ల బతకాలని మొదటి కొరింథీ 9లో పౌలు రాశాడు, ఆ ఏర్పాటు ప్రకారమే మీ ఇల్లు గడిచింది. మీ బాపు దానికి బదులుగా ఎండనకా వాననకా తిరిగారు, చావుకూ పెళ్లికీ నిలబడ్డారు. ఆ లెక్క ఆయనతోనే సరిపోయింది. నీ జీవితాన్ని తాకట్టు పెట్టి తీర్చాల్సిన బాకీ ఏదీ మిగల్లేదు.

అప్పు లేదంటే కృతజ్ఞత అక్కర్లేదని కాదు. నీ జీతంలో దశమభాగం ఆ సంఘానికే ఇవ్వు. ఊళ్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేక వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వస్తే, ఓపీ చీటీ దగ్గర, స్కానింగ్ దగ్గర వాళ్లతో పాటు నిలబడు, ఏ గదికి పోవాలో తెలియక తిరిగే ముసలివాళ్లకు అదే పెద్ద సాయం. చిన్నయ్యగారు అని కాకుండా మా పిల్లగాడు అని వాళ్లు చెప్పుకునేలా ఉండు.

ఇప్పుడు ఆ మేస్త్రీ అన్న సంగతి. ఆయన గురించి ఒక్క వాక్యం రాసి ముందుకు పోయావు. "ప్రస్తుతానికి" అన్నావు. ఏడాదిగా ఆదివారం ఆరాధన నడుపుతున్నది ఎవరు? పొద్దంతా ఇటుకలు మోసి, సిమెంటు చేతులు కడుక్కుని వచ్చి ఎవరి ఇంట్లోనో ప్రార్థన చేసేది ఎవరు? ఆయన్ని ఎవరూ చిన్నయ్యగారు అనలేదు, ఆయన వాళ్ల అమ్మ మొక్కుకుందో లేదో మనకు తెలియదు, అయినా పని చేస్తున్నాడు. పిలుపు వచ్చిన మనిషి మీ కళ్ల ముందే ఉండి, కుర్చీ నీ కోసం ఖాళీగా పెట్టడం వల్ల ఆయన తాత్కాలికంగానే మిగిలిపోతున్నాడేమో ఆలోచించు. పౌలు శిష్యుడు తిమోతికి విశ్వాసం అవ్వ లోయి, అమ్మ యునీకేల దగ్గరి నుంచి వచ్చిందని పౌలు రాశాడు, కానీ సేవ కోసం అతని మీద చేతులుంచింది సంఘ పెద్దలు. మీ సంఘంలో పెద్దలున్నారు కదా, వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. ఆ అన్నకు చదువు తక్కువైతే తెలుగులోనే నేర్పే బైబిల్ పాఠశాలలు ఉన్నాయి. ఆయన శిక్షణ ఖర్చు, ఆ కాలంలో ఆయన పోగొట్టుకునే కూలి డబ్బులు నువ్వు పెట్టుకో. నేను పైన అన్న దారి ఇదే. అమ్మ ఒక మనిషిని సేవకు ఇస్తానంది, నీ కష్టార్జితంతో ఒక మనిషి సేవకు సిద్ధమవుతాడు. ఎంత, ఎన్నాళ్లు అన్నది అమ్మే నిర్ణయించనివ్వు, ఆ మొక్కు ఆమెది.

డోర్నకల్ జంక్షన్ నీ రూట్‌లోదే అయి ఉంటుంది. ఆ ఊరి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య కూడా పాస్టర్ కొడుకే, తిరునల్వేలి వైపు పల్లెలో 1874లో పుట్టారు. వాళ్ల నాన్నగారి పుల్పిట్ ఎక్కలేదు. పదేళ్లకు పైగా వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంస్థలో ఉద్యోగం చేశారు, తర్వాత 1909లో, దాదాపు 35 ఏళ్ల వయసులో, తనకు తెలియని తెలుగు నేలకు గురువుగా వచ్చారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది, కూలిపని చేసుకునే పల్లె క్రైస్తవుల్లోంచే ఉపాధ్యాయులను, గురువులను తయారు చేయడం. మన వైపు సంఘం నిలబడింది అలాంటి మనుషుల మీదే. మీ మేస్త్రీ అన్న ఆ కోవలోనివాడు.

నువ్వు రాయలేదు గానీ ఒకటి అడుగుతాను. ఆ మందిరం ఉన్న స్థలం ఎవరి పేరు మీద ఉంది? సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యగార్లకు బదిలీలుంటాయి, ఆస్తి డయోసిస్‌ది, అంటే బిషప్ కింద ఉండే సంఘాలన్నిటిదీ. కాజీపేట ఫాతిమానగర్ కథీడ్రల్లో ఫాదర్లకు పెళ్లిళ్లే ఉండవు, వారసుడి మాటే రాదు. సొంతంగా సంఘం కట్టినవాళ్ల దగ్గర మాత్రం చాలాచోట్ల జాగా పాస్టర్ గారి పేరు మీదే ఉండిపోతుంది, ఆయన తర్వాత కొడుకు రాకపోతే ఆ గోడలు ఏమవుతాయోనన్న టెన్షన్ ఇంట్లోవాళ్లకూ ఉంటుంది, సంఘస్థులకూ ఉంటుంది. మీదీ అలాగే అయితే, సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులతో సంఘాన్ని రిజిస్టర్ చేసుకుని, స్థలాన్ని గిఫ్ట్ డీడ్‌తో ఆ సొసైటీకి రాయొచ్చు. మంచి వకీలును అడిగి చేయించండి. మీ బాపు అన్నీ అర్థం చేసుకుని సంతకం పెట్టగలిగే స్థితిలో ఉన్నప్పుడే చేయండి. మీరు ఉంటున్న ఇల్లు కూడా అదే జాగాలో ఉంటే, దాన్ని విడిగా కొలిపించి మీ అమ్మానాన్నల పేరున ఉంచండి, వాళ్లను రోడ్డు మీద పెట్టే త్యాగం ఎవరూ అడగలేదు.

మీ బాపు గురించి అన్నాను కదా, నీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒకటి కనిపించింది. అమ్మ ఏమంటోందో రాశావు, మామ ఏమన్నాడో రాశావు. బాపు ఏమంటున్నారో ఎక్కడా లేదు. మాట తడబడుతోంది కాబట్టి ఆయన తరఫున అందరూ మాట్లాడేస్తున్నారేమో. పక్షవాతం మాటను తడబడేలా చేసినంత మాత్రాన ఆలోచన పోయిందని కాదు. నీకు రెస్ట్ దొరికిన రోజున ఊరికి పోయి ఆయనతో ఒక్కడివే కూర్చో. తొందరపెట్టకుండా, ఆయన వాక్యం నువ్వు పూర్తి చేయకుండా, ఈ సంఘం ఎవరికి అప్పగిద్దామని ఉందో అడుగు. జీవితమంతా సేవ చేసిన మనిషికి ఎవరిలో పిలుపు ఉందో తెలియకుండా ఉండదు. ఆయన కూడా నువ్వే రావాలంటే, నువ్వు రానని ఆయనకే చెప్పాల్సి వస్తుంది, కష్టమే, అయినా నీ నోటితోనే చెప్పు. ఆయన మందులు, ఫిజియోథెరపీ నీ జీతంతోనే నడుస్తూ ఉంటాయి కదా. దేవునికి ఇచ్చేశామని చెప్పి తల్లిదండ్రులను చూడడం మానేసినవాళ్లను యేసు ఎంత గట్టిగా మందలించాడో మార్కు 7లో ఉంది, అది అమ్మకూ మామకూ గుర్తు చెయ్యి.

నీ పని గురించి నువ్వు సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు రాశావు, ఆ అవసరం లేదు. అర్ధరాత్రి నెక్కొండ, కేసముద్రం దాటుతున్నప్పుడు నువ్వూ లోకో పైలటూ ప్రతి సిగ్నల్‌నూ చెయ్యి చూపించి పైకి పలుకుతారు, ఒకరి కన్ను పొరబడితే ఇంకొకరు పట్టుకోవాలని. వెనక బోగీల్లో పసిపిల్లలు, పరీక్షలకు పోయేవాళ్లు, ఆసుపత్రికి పోయేవాళ్లు నిద్రపోతుంటారు. వాళ్ల ప్రాణాలకు కాపలా ఉండడం దేవునికి పనికిరాని పని ఎలా అవుతుంది? పౌలు డేరాలు కుట్టాడు, లూకా వైద్యుడు. ఆదివారం డ్యూటీ పడితే రెస్ట్ రోజున కూర్చుని వాక్యం చదువుకో, కాజీపేటలో నీకు దగ్గరున్న సంఘంలో ఒక సభ్యుడిగా చేరు, పాస్టర్ గారి కొడుకుగా కాదు. బెంచీ మీద కూర్చుని మామూలు విశ్వాసిగా వాక్యం వినడం నీకు ఇంతవరకూ దొరికి ఉండదు.

నిజం చెప్పాలంటే నీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఉద్యోగం కాదు, రన్నింగ్ రూం. ఊళ్లో ఇష్టం లేకున్నా చిన్నయ్యగారిగా నిలబడుతున్నావు, డ్యూటీలో ఇష్టం ఉండి కూడా క్రైస్తవుణ్ణని చెప్పడం లేదు. రెండు చోట్లా నువ్వు నువ్వుగా లేవు, నేనెవర్నో తెలియడం లేదనిపించడంలో వింత ఏముంది? "మీరు కన్వర్టెడా" అని ఎవరైనా అంటారన్న బెరుకు నాకు తెలుసు, మన ఇళ్లలో అందరికీ ఆ ప్రశ్న తగిలినదే. కానీ నీకు బీసీ-సి ఉంది. ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్లకు, వాళ్ల పిల్లలకు ప్రభుత్వమే ఇచ్చిన వర్గం అది, తెలంగాణలో 1 శాతం రిజర్వేషన్ ఉంది. నీ కాగితమే నువ్వెవరో చెప్తోంది, దొంగతనంగా బతకాల్సింది ఏమీ లేదు. సాక్ష్యం చెప్పమని, కరపత్రాలు పంచమని నేను అనడం లేదు. టిఫిన్ డబ్బా తెరిచాక కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని తిను. ఎవరైనా అడిగితే అవును అని చెప్పు. క్రిస్మస్‌కు ఇంట్లో చేసిన గారెలు, అరిసెలు తీసుకుపోయి అందరికీ పెట్టు. ఒకరిద్దరు మొహం తిప్పుకోవచ్చు, తిప్పుకోనీ. సేవకు పోనన్నందుకు దేవుడు నీ మీద అలిగాడేమో అని భయపడేకంటే ఇది ముందు సరిచేసుకో, నీ లోపలి తూకం చాలావరకు ఇక్కడే కుదురుతుందని నా నమ్మకం.

సంబంధాల మాట మాత్రం ఆలస్యం చేయకు, ఎందుకంటే ఇందులో ఇంకొకరి బతుకు ఉంది. అబ్బాయి సేవలోకి వస్తాడని చెప్పి పిల్లనడిగితే, ఆ అమ్మాయి, వాళ్లింటివాళ్లు ఆ మాట నమ్మి వస్తారు, తర్వాత నువ్వు ఎన్ని చెప్పినా మోసపోయామనే అనుకుంటారు. అందుకే అమ్మతో మాట్లాడేదాకా చూపులు ఆపమను. ఆ తర్వాత ఏ సంబంధం వచ్చినా మొదటి మాటగానే చెప్పండి, అబ్బాయి విశ్వాసి, రైల్వేలో రన్నింగ్ స్టాఫ్, రాత్రి డ్యూటీలుంటాయి, పండగరోజు కూడా లైన్ మీద ఉండొచ్చు, పాస్టర్ అవడు అని. ఇందులో ఏదైనా ఇబ్బందా అని ఆ అమ్మాయినే నేరుగా అడగండి, పెద్దవాళ్ల జవాబుతో సరిపెట్టుకోకండి.